లింకు పీకేస్తే చైన్ బాగుపడదు

సైకిల్ చైన్ గురించి ఒక మెసేజ్ మా విజయవాడ కృష్ణలంకలో వాట్సాప్ గ్రూపులన్నీ తిరుగుతోంది. చైన్ వదులైతే కొత్తది కొనక్కర్లేదట, ఒక లింకు పీకించి బిగిస్తే చాలట. పాత ఇంజిన్ ఆయిల్ పూస్తే ఏళ్ల తరబడి వస్తుందట. ఒకవేళ కొన్నా ఏ చైన్ అయినా ఏ సైకిల్‌కైనా పడుతుందట. ఎంత బిగుతుగా ఉంటే తొక్కడం అంత తేలికట. నాలుగు డబ్బులు మిగులుతాయని నమ్మి అందరూ పంచుకుంటున్నారు. కానీ మిగలవు. పైగా పిల్లలు దెబ్బలు తగిలించుకుంటారు.

ముందు లింకు సంగతి. నష్టమంతా అక్కడే ఉంది. చైన్ రబ్బరులా సాగదు. లింకుల్ని కలిపే ప్రతి పిన్నూ తాను తిరిగే రంధ్రంతో రాసుకుని అరుగుతుంది. ఒక్కోచోట వెంట్రుకవాసి సందు ఏర్పడుతుంది. అలాంటి సందులు వంద కలిస్తే చైన్ పొడుగైనట్టు కనిపిస్తుంది. ఒక లింకు తీసేస్తే మిగతావి కొత్తవైపోతాయా? అవన్నీ అరిగినవే కదా.

లెక్క వేసి చూడండి. పిన్నుకీ పిన్నుకీ మధ్య దూరం అర అంగుళం, అంటే 12.7 మిల్లీమీటర్లు. 112 లింకుల చైన్ పొడవు 56 అంగుళాలు. లోపలి లింకు, బయటి లింకు జతగా తీయాలి కాబట్టి ఒకేసారి అంగుళం పోతుంది. మొదట సరైన పొడవుతో బిగించిన చైన్‌లోంచి, వెనక చక్రం ఉన్నచోటే ఉండగా అంగుళం తీయగలిగామంటే, అది అప్పటికే అంగుళం పెరిగిందన్నమాట. అంటే దాదాపు 1.8 శాతం. చైన్ మార్చాల్సిన సమయం ఎప్పుడో దాటిపోయింది.

మీ చైన్ ఎలా ఉందో ఇంట్లోనే చూసుకోవచ్చు. స్టీల్ టేపు తీసుకుని, చైన్‌ని లాగిపట్టి, ఒక పిన్ను మధ్య నుంచి 24 లింకులు కొలవండి. సరిగ్గా 12 అంగుళాలు రావాలి. అంగుళంలో పదహారో వంతు ఎక్కువొస్తే కొత్త చైన్ వేయండి. ఎనిమిదో వంతు దాటితే పళ్ల చక్రాలు కూడా దెబ్బతిని ఉంటాయి. అరిగిన చైన్ పళ్ల మధ్య సరిగ్గా కూర్చోక పైకెక్కుతుంది, పళ్లను కొక్కేల్లా వంచుతుంది. అప్పుడు కొత్త చైన్ వేసినా జారుతుంది, ఫ్రీవీల్ (వెనక చక్రానికుండే పళ్ల చక్రం) కూడా మార్చాల్సిందే. అంటే చైన్ ఖర్చు తప్పించుకోబోయి దాని పైన ఇంకో ఖర్చు తెచ్చుకున్నట్టు.

పాత ఇంజిన్ ఆయిల్ ఆటోనగర్‌లో ఊరికే దొరుకుతుంది, నిజమే. కానీ అందులో మసి, సన్నటి లోహపు పొడి కలిసి ఉంటాయి. దానికి బ్యారేజీ మీదా, కరకట్ట మీదా లేచే ఇసుక అంటుకుంటే చైన్ మీద గరుకు కాగితం రుద్దినట్టే. మంచి నూనె, పిన్ను చుట్టూ తిరిగే ఒక్కో రోలరుకీ ఒక్కో చుక్క వేసి, పెడల్ వెనక్కి తిప్పి, పైన మిగిలినది గుడ్డతో శుభ్రంగా తుడిచేయండి. నూనె పని లోపల, పైన కాదు. కొత్త చైన్‌కి కంపెనీలో పూసిన గ్రీజును కిరోసిన్‌తో కడిగేయొద్దు.

ఏ చైన్ అయినా పడుతుందన్నది కూడా తప్పే. పిన్నుల దూరం ఒకటే అయినా వెడల్పు వేరు. గేర్లు లేని సైకిల్‌కి సాధారణంగా వెడల్పైన చైన్, గేర్ల సైకిల్‌కి సన్నది. షాపులో వెనక ఎన్ని గేర్లున్నాయో చెప్పి అడగండి. కొత్త చైన్ పొడవుని పాత చైన్ పక్కన పెట్టి కొలవకండి, పాతది ఇప్పటికే పెరిగింది. లింకులు లెక్కపెట్టండి.

ఇక బిగుతు. గేర్లు లేని సైకిల్ చైన్‌ని మధ్యలో వేలితో కదిపితే అర అంగుళం దాకా ఆడాలి. పెడల్ నెమ్మదిగా ఒక చుట్టు తిప్పి, అన్నిటికంటే బిగుతైన చోట చూడాలి. అంతకంటే లాగితే తొక్కడం బరువవుతుంది, బేరింగులు త్వరగా పోతాయి. చైన్ రెండు కొసల్నీ కలిపే క్లిప్పు లాక్ ఉంటే దాని మూసిన కొస చైన్ నడిచే దిక్కుకే ఉండాలి. పై వరసలో అది పెడల్ వైపు చూస్తుంది. తిరగేసి పెడితే దేనికైనా తగిలి ఊడొచ్చు.

ఇంత పట్టుదలగా ఎందుకు రాస్తున్నానంటే, మా పక్కింటి తొమ్మిదో తరగతి అబ్బాయి ప్రకాశం బ్యారేజీ మీద నిలబడి తొక్కుతుంటే చైన్ జారి మోకాలు చీరుకుపోయింది. నాలుగు నెలల కిందట ఒక రిపేర్ షాపులో లింకుల జత తీయించారు. ఆదివారం కొత్త చైన్, ఫ్రీవీల్ తెచ్చి ఇద్దరం కూర్చుని బిగించాం. బిగించే ముందు పాతదీ కొత్తదీ కిటికీ మేకుకి పక్కపక్కన వేలాడదీశాం.

“అంకుల్, రెండూ ఒకే పొడవు. పాతది బాగానే ఉందిగా?” అన్నాడు.

“లింకులు లెక్కపెట్టు నాన్నా” అన్నాను.

కొత్తదానికి 112, పాతదానికి 110 వచ్చాయి. నమ్మలేక వాడు మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టాడు.