గీజర్ బాగుచేయమంటే ఆర్‌సీసీబీని తప్పించి వెళ్లాడు

ఆదివారం పగలు పదకొండున్నర అయింది. మా అత్తయ్య స్నానానికి పొయ్యి మీద నీళ్లు కాగుతున్నాయి. ఇంట్లో గీజర్ ఉంది, కరెంటు ఉంది. రెండు గంటల క్రితమే మెకానిక్ వచ్చి, 450 రూపాయలు తీసుకుని, పని అయిపోయిందని చెప్పి వెళ్లాడు. అయినా నీళ్లు పొయ్యి మీదే కాగుతున్నాయి. ఎందుకో రాయకపోతే ఈ పూట నాకు ముద్ద దిగదు.

గురువారం ఉదయం అత్తయ్య గీజర్ వేసిన పది నిమిషాలకు ఇల్లంతా చీకటైంది. మెయిన్ బోర్డు దగ్గరికి వెళ్లి చూస్తే ఎంసీబీలన్నీ, అంటే వైర్లలో కరెంటు మితిమీరితే పడిపోయే స్విచ్చులన్నీ, పైకే ఉన్నాయి. కరెంటు లీకైతే ఇంటి కరెంటు కట్టేసే స్విచ్చు, ఆర్‌సీసీబీ, ఒక్కటే కిందికి పడి ఉంది. గీజర్ స్విచ్చు ఆపి లీవరు పైకి నెడితే నిలిచింది. ఫ్రిజ్, వాషింగ్ మెషిన్, మిక్సీ, ఫ్యాన్లు ఒక్కొక్కటిగా వేసి చూశాను, పడలేదు. మళ్లీ గీజర్ వేస్తే ఐదు నిమిషాలకే పడింది. శుక్ర, శని వారాలు గీజర్ జోలికి పోలేదు, ఆ రెండు రోజులూ ఒక్కసారైనా పడలేదు. ఈ ఉదయం వేసి చూస్తే క్షణం కూడా ఆగలేదు. ఇంటివాళ్లు చేసుకోగల పరీక్ష ఇంతే. దీనికి ఒక్క స్క్రూ కూడా విప్పనక్కర్లేదు, ఎవరైనా చేసుకోవచ్చు. దోషం గీజర్‌లోనే ఉందని తేలిపోయింది. గీజర్ మూత విప్పడం నుంచి పని తెలిసినవాళ్లది. నేను 19 ఏళ్లుగా ఇంటర్ పిల్లలకు భౌతికశాస్త్రం చెబుతున్నాను, అయినా ఆ మూత మీద చెయ్యి వేయను. అందుకే డబ్బిచ్చి మనిషిని పిలిచాను.

తొమ్మిదింటికి వచ్చాడు. తలుపు తీయగానే మొదటి మాట, "సార్ లేరా మేడమ్?"

కూరగాయలకు వెళ్లారు, విషయం నేను చెబుతాను రండి అన్నాను. ఎంసీబీ పడటం లేదు, ఆర్‌సీసీబీ పడుతోంది, గీజర్ వేస్తేనే పడుతోంది, నీళ్లను వేడిచేసే ఎలిమెంట్ నుంచి కరెంటు లీకవుతోందేమో చూడండి అని గురువారం నుంచి జరిగినదంతా వరుసగా చెప్పాను. చెబుతున్నంతసేపూ ఫోను చూసుకుంటూనే ఉన్నాడు. నేను ఆపగానే తలెత్తి, "సార్ ఎప్పుడొస్తారు?" అన్నాడు.

బాత్రూములోకి అడుగు కూడా పెట్టలేదు. స్టూలు అడిగాడు, మెయిన్ ఆపి బోర్డు మూత విప్పాడు. పొయ్యి మీద పాలు పొంగుతున్న చప్పుడు వినిపించి వంటింట్లోకి వెళ్లాను. పాలు దించి, గట్టు తుడిచి వచ్చేసరికి మూత బిగిస్తున్నాడు. గీజర్ వేసి చూపించాడు. ఎర్రదీపం వెలిగింది. ఏదీ పడలేదు. "ఇంకెప్పుడూ పడదు మేడమ్" అన్నాడు. ఏం చేశారని అడిగితే, "సెట్ చేశాను, చెప్పినా మీకు అర్థం కాదు" అన్నాడు.

అతను లిఫ్టు ఎక్కాక కూడా నా మనసు ఊరుకోలేదు. గీజర్ ముట్టుకోకుండా గీజర్ ఎలా బాగుపడుతుంది? ఆర్‌సీసీబీ మీద టెస్ట్ బటన్ అని చిన్నది ఉంటుంది. మన ఇళ్లలో ఎన్ని చోట్ల దాన్ని ఒక్కసారైనా నొక్కి ఉంటారో! నొక్కాను. లీవరు టక్కున కిందికి పడింది. హాల్లో ఫ్యాను తిరుగుతూనే ఉంది. ఫ్రిజ్ మోగుతూనే ఉంది. బాత్రూము గుమ్మంలోంచి చూస్తే గీజర్ ఎర్రదీపం వెలుగుతూనే ఉంది.

అంటే ఆర్‌సీసీబీ పడినా ఇంటికి కరెంటు పోవడం లేదు. కింద నుంచి ఇంట్లోకి వెళ్లే వైర్లు రెండూ విప్పి, పైన మీటరు నుంచి వచ్చే వైర్లతో కలిపేశాడు. పెట్టె అక్కడే ఉంది, కరెంటు దానిలోంచి పోవడం మాత్రం మానేసింది. సరిగ్గా అదే సమయానికి అత్తయ్య తువ్వాలు భుజాన వేసుకుని బాత్రూములోకి వెళ్లబోతున్నారు. ఆవిడకు 78 ఏళ్లు. చెయ్యి పట్టుకుని వెనక్కి లాగాను. ఎందుకమ్మా అలా లాగావు అని ఆవిడ నొచ్చుకున్నారు. అప్పుడు చెప్పడానికి నాకు నోరు రాలేదు.

ఇక్కడ కొంచెం పాఠం చెబుతాను, వినండి. గీజర్ 2000 వాట్లది. అది తీసుకునే కరెంటు దాదాపు 9 ఆంపియర్లు. దానికి పెట్టిన ఎంసీబీ 16 ఆంపియర్లది. మనిషి ఒంట్లోంచి 0.1 ఆంపియర్ పోతే చాలు, గుండె లయ తప్పి ప్రాణం పోవడానికి. ఆ 0.1 ఎంసీబీకి లెక్కలోకే రాదు, నిమ్మకు నీరెత్తినట్టు ఉంటుంది. ఎంసీబీ కాపాడేది వైర్లను. ఆర్‌సీసీబీ చేసే పని వేరు. ఫేజులో వెళ్లిన కరెంటు న్యూట్రల్‌లో తిరిగి వచ్చిందా లేదా అని అది క్షణక్షణం సరిచూస్తుంది. 30 మిల్లీఆంపియర్ల తేడా వస్తే, అంటే 0.03 ఆంపియర్ దారి తప్పితే, సెకనులో మూడో వంతు కూడా పట్టకుండా ఇంటి కరెంటు కట్టేస్తుంది. గురువారం నుంచి మా ఇంట్లో అది చేసింది ఇదే. మూడుసార్లు పడి మూడుసార్లూ మమ్మల్ని హెచ్చరించింది. గొంతు చించుకుని అరుస్తున్న కాపలాదారు నోరు నొక్కేసి, ఇక నిశ్చింతగా పడుకోండి అని చెప్పి వెళ్లిన మనిషిని ఏమనాలి?

మా ఇంట్లో లీకైన కరెంటును భూమిలోకి పంపే ఎర్త్ వైరు ఉంది కాబట్టి వెంటనే షాక్ కొట్టకపోవచ్చు. కానీ ఆ ఒక్క వైరు ప్లగ్గులో వదులైతే? ఎర్త్ గుంత ఎండిపోతే? ట్యాంకు, గొట్టం, కుళాయి, కుళాయి మీద పెట్టిన తడిచేయి, అన్నీ ఒకటే తీగ.

నా అనుమానం ఎలిమెంట్ మీదే. పాత గీజర్ ఎలిమెంట్ తీసినప్పుడు కళ్లారా చూశాను. వేలెడు లావు ఉండాల్సిన రాగి గొట్టం సున్నం గడ్డలు కట్టి మణికట్టంత అయింది. గోరుతో గీకితే పెచ్చులు ఊడిపడ్డాయి. మా కాలనీలో వాడుకకు బోరు నీళ్లే, స్టీలు బిందెకు కూడా నెల తిరక్కుండా తెల్లటి గార పడుతుంది. ఆ గొట్టం లోపల నిక్రోమ్ తీగ ఉంటుంది. తీగకూ గొట్టానికీ మధ్య మెగ్నీషియం ఆక్సైడ్ పొడి దట్టించి ఉంటుంది. వేడిని బయటికి వదిలి కరెంటును ఆపేది ఆ పొడే. సున్నం పట్టిన చోట వేడి బయటికి పోలేక గొట్టం కాలి చిట్లుతుంది, తడి లోపలికి దిగుతుంది, పొడి తడుస్తుంది. ఇక కరెంటుకు నీళ్లలోకి దారి దొరికినట్టే. కొత్త ఎలిమెంట్ వెయ్యి రూపాయల లోపు వస్తువు. మార్చడం గంట పని. ఆ గంట పని చేయడానికి ఒళ్లు వంగక ఇంటిల్లిపాదినీ చావు అంచున నిలబెట్టాడు.

మా పైఇంట్లో ఇంకో ఘనకార్యం. గీజర్ కింద సేఫ్టీ వాల్వు నుంచి చుక్కలు పడుతున్నాయని ప్లంబరును పిలిస్తే, అతను వాల్వుకు బిరడా బిగించి వెళ్లాడు. 25 లీటర్ల నీళ్లు 20 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు వేడెక్కితే దాదాపు 400 మిల్లీలీటర్లు పెరుగుతాయి. ఆ పెరిగిన నీళ్లు ఎక్కడికి పోవాలి? చుక్కలు పడటం ఆ వాల్వు ధర్మం. దాన్ని మూసేశాక ఏదో ఒకరోజు వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్, వేడి మితిమీరితే కరెంటు ఆపే కటాఫ్ రెండూ పనిచేయకపోతే ఆ ట్యాంకు బాంబే. నేను వెళ్లి బతిమాలి ఆ బిరడా తీయించాను.

మా అమ్మమ్మ ఇంట్లో రాగి బాయిలర్ ఉండేది. మధ్యలో గొట్టం, గొట్టంలో బొగ్గులు, చుట్టూ నీళ్లు. చింతపండు పెట్టి తోమితే పెరట్లో సూర్యుడిలా మెరిసేది. కారితే నేల తడిసేది, నీళ్లు తగ్గితే గొట్టం సెగ మారేది, నిప్పు ఉందో లేదో ఐదేళ్ల పిల్లకైనా తెలిసేది. కరెంటుకు రంగు లేదు, వాసన లేదు. అది దారి తప్పిందని మనకు చెప్పేది గోడ మీద ఉన్న ఆ చిన్న పెట్టె ఒక్కటే.

ఇప్పుడు అసలు మాటకు వస్తాను. "సార్ లేరా?"

ఈ మాట ఈరోజు పుట్టింది కాదు. 2011లో ఈ ఫ్లాట్ కొన్నప్పుడు బిల్డరును నేనే అడిగాను, ఎర్త్ గుంత ఎక్కడ తవ్వించారని. ఆయన నా వైపు చూడనే లేదు. మా ఆయన వైపు తిరిగి, "సార్, అన్నీ పక్కాగా చేయించాం సార్" అన్నాడు. మా ఆయన బ్యాంకు మనిషి. "నాకు తెలియదండీ, ఆవిడనే అడగండి" అని పాపం నిజమే చెప్పారు. బిల్డరు నవ్వి, మళ్లీ మా ఆయనకే జవాబిచ్చాడు. చేరిన నెలకు ఇస్త్రీపెట్టె ముట్టుకుంటే జివ్వుమంది. సాకెట్ విప్పించి చూస్తే మూడో రంధ్రం వెనక వైరే లేదు! గోడకు మూడు కన్నాలు పెట్టి, రెండింటికి వైర్లు ఇచ్చి, మూడోది ఊరికే వదిలేశారు. సొంత డబ్బుతో ఎర్త్ వేయించుకున్నాం, ఆర్‌సీసీబీ పెట్టించుకున్నాం. నేను అడిగిన రోజే నాకు జవాబు చెప్పి ఉంటే ఆ నెలంతా పసిపిల్లతో ఆ ఇంట్లో అలా బతికేవాళ్లం కాదు. పద్నాలుగేళ్లు దాటినా ఆ నవ్వు నేను మర్చిపోలేదు.

ఇన్వర్టరు బ్యాటరీ మార్చేవాడు, కారు సర్వీసు చేసేవాడు, చివరికి నీళ్ల ఫిల్టరు కడగడానికి వచ్చిన కుర్రాడు కూడా ఇంట్లో మగమనిషి కోసమే వెతుకుతాడు. రోజూ ఆ గీజర్ వేసేది, ఆ శబ్దం తేడా కనిపెట్టేది, ఏ వాసన ఎప్పుడు వచ్చిందో చెప్పగలిగేది ఇంట్లో ఆడవాళ్లు. రోగి మాట వినకుండా పక్కింటి మనిషిని అడిగి మందు రాసే వైద్యుడిని ఎవరైనా ఒప్పుకుంటారా?

అన్నిటికంటే గుచ్చుకున్నది ఇంకోటి ఉంది. కూరగాయల సంచీతో మా ఆయన వచ్చారు. జరిగింది చెప్పాను. "పోనీలే, వేడినీళ్లు వస్తున్నాయి కదా, తర్వాత చూద్దాం" అన్నారు. ఇరవై రెండేళ్ల కాపురంలో నేను అంత గట్టిగా అరిచింది లేదు. తర్వాత ఆయనే వెళ్లి మెయిన్ ఆపారు, తప్పయిందన్నారు. సరే.

ఆ మెకానిక్‌ను పంపిన సంస్థకు ఫోను చేశాను. వాళ్ల లెక్కలో ఫిర్యాదు పరిష్కారమైపోయిందట. సేవ ఎలా ఉంది, ఐదు నక్షత్రాలు ఇవ్వండి అని నా ఫోనుకు సందేశం కూడా వచ్చింది. జాతీయ వినియోగదారుల సహాయ నంబరు 1915 ఉంది, ఫిర్యాదు రాసి పెట్టుకున్నాను, ఇస్తాను. 450 రూపాయల కోసం కాదు. ఈ మధ్యాహ్నం ఆ మెకానిక్ ఇంకో ఇంట్లో ఇంకో బోర్డు మూత విప్పుతుంటాడు, అందుకు.

ఈలోగా సలహాలు మొదలయ్యాయి. బకెట్లో హీటరు రాడ్డు పెట్టుకోమంటారు ఒకరు. గ్యాస్ గీజర్ పెట్టుకోండి, కరెంటు గొడవే ఉండదంటారు ఇంకొకరు. గాలి ఆడని బాత్రూములో గ్యాస్ గీజర్ మండితే కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి రంగు, వాసన ఉండవు, కళ్లు మండవు, దగ్గు రాదు. స్నానానికి వెళ్లిన మనిషి తలుపు తీయడు, అంతే. ప్రతి చలికాలం పేపర్లో చదువుతూనే ఉన్నాం కదా! దయచేసి నాకు ఆ సలహా ఇవ్వకండి, మీరూ పెట్టుకోకండి.

చివరికి మా అపార్ట్‌మెంటు నీళ్ల మోటారు చూసే ఎలక్ట్రీషియన్‌ని పిలిచాను. అరవై దాటిన మనిషి. బోర్డు మూత తీసి, టేపు చుట్టిన ఆ వైర్లను చూసి కాసేపు మాట్లాడలేదు. వాటిని విప్పి ఎక్కడివి అక్కడ బిగించి, తనే టెస్ట్ బటన్ నొక్కి చూశాడు. ఇల్లంతా చీకటైంది. అప్పుడు గానీ నాకు ఊపిరి ఆడలేదు. తర్వాత బాత్రూములోకి వెళ్లి, గీజర్ ప్లగ్గు పీకి పక్కన పెట్టి, నా వైపు తిరిగి అడిగాడు.

"వేయగానే పడుతోందా అమ్మా, కాస్త వేడెక్కాక పడుతోందా?"

గురువారం పది నిమిషాలకు, తర్వాత ఐదు నిమిషాలకు, ఈరోజు వేయగానే అని చెప్పాను. తలూపాడు. రేపు మెగ్గర్, అంటే కరెంటు లీకవుతోందేమో పరీక్షించే మీటరు, తెచ్చి చూస్తానన్నాడు. 450 రూపాయలు ఎవరికి ఇవ్వాలో ఆయనకు ఇచ్చాను.