రాయలసీమ బీళ్లను గొర్రెలే తినేశాయా?

ఎండలు ముదిరేసరికి వాట్సాప్ గ్రూపుల్లో ఒక పోస్టు మళ్లీ మళ్లీ తిరుగుతుంది. పైన ఇసుక దిబ్బల ఫోటో, దాని మీద "అనంతపురం ఎడారి అవుతోంది" అని పెద్ద అక్షరాలు. కింద తీర్పు కూడా ఇచ్చేశారు. గొర్రెల మందలు ప్రభుత్వ బీళ్లను నున్నగా గీకేశాయట, అందుకే ఈ గతి పట్టిందట. మందలు లెక్కకు మించి పెరిగిపోయాయట. ఐదేళ్లు మేపు ఆపేస్తే గడ్డి దానంతట అదే వస్తుందట. అది ఎలాగూ పనికిరాని భూమి కాబట్టి చెట్లు నాటడమో, సోలార్ ప్యానెళ్లు పెట్టడమో నయమట. గొర్రెల కాపరులకు కరువుతో పోయేదేమీ లేదట, ఊరికే మేపుకుంటున్నారు కదా అట. చదువుకున్నవాళ్లే ఫార్వర్డ్ చేస్తున్నారు కాబట్టి ఒక్కో మాటా తీసుకుని చూద్దాం.

"గొర్రెలు మేసి మేసి నేల ఎడారి అయింది."

ముందు ఆ ఫోటో సంగతి. అనంతపురం జిల్లాలో ఇసుక దిబ్బలున్నది నిజమే. కణేకల్లు, బొమ్మనహాళ్ మండలాల్లో, దర్గా హొన్నూరు వైపు వెళితే ఎవరైనా చూడొచ్చు. అయితే ఆ ఇసుక బీళ్ల నుంచి లేచింది కాదు, వేదవతి నదిది. అక్కడివాళ్లు హగరి అంటారు. నీళ్లు లేక ఏడాదిలో ఎక్కువ భాగం ఇసుక పరుపులా పడి ఉండే నది అది. పైన కర్ణాటకలో 1907లో పూర్తయిన వాణీవిలాస సాగరం, కింద మన దగ్గర 1961 నాటి భైరవానితిప్ప ప్రాజెక్టు దాని నీళ్లను పట్టుకుంటాయి. ఆషాఢంలో పడమటి గాలి మొదలైతే ఆ ఎండిన ఇసుక లేచి ఒడ్డునున్న పొలాల మీద మేట వేస్తుంది. ఈ కథలో గొర్రె ఎక్కడుందో పోస్టు రాసినవాళ్లే చెప్పాలి.

ఇక బీళ్ల సంగతి. ఈ జిల్లాలో ఏడాది సగటు వర్షం సుమారు 550 మిల్లీమీటర్లు. అది కూడా ఒక ఏడాది ఉన్నట్టు ఇంకో ఏడాది ఉండదు. ఇలాంటి చోట గడ్డిని పెంచేదీ చంపేదీ ప్రధానంగా వానే. బీటి గడ్డిలో రెండు రకాలున్నాయి. ఒకటి ఏటేటా గింజ నుంచి మొలిచేది. వాన రాకపోతే గింజ మట్టిలోనే పడి ఉంటుంది, మరుసటి ఏడు మొలుస్తుంది. రెండోది దుబ్బు కట్టి వేరుతో ఏళ్ల తరబడి బతికేది. పశువుకు అసలు బలం దీంతోనే. ఒక్క ఎండిన ఏడాదికి దుబ్బు చావదు, వేళ్లలో దాచుకున్న సత్తువతో నెట్టుకొస్తుంది. వరసగా రెండు మూడేళ్లు వాన తప్పితే దుబ్బులు చస్తాయి. ఆ ఖాళీలోకి వయ్యారిభామ, తంగేడు, సర్కారు తుమ్మ లాంటివి దిగుతాయి. పశువు మూతి పెట్టని చోట కూడా కరువులో ఇదే జరుగుతుంది.

ప్రపంచం ఈ పాఠం ఒకసారి నేర్చుకుంది. ఆఫ్రికాలో సహారాకు దక్షిణాన ఉన్న సాహెల్ ప్రాంతంలో 1968 నుంచి 1973 దాకా, మళ్లీ 1980ల మొదట్లో భయంకరమైన కరువు వచ్చింది. ఎడారి దక్షిణానికి పాకుతోందని, పశువుల కాపరులే దానికి కారణమని అప్పట్లో పెద్ద పెద్ద సంస్థలే చెప్పాయి. తర్వాత వానలు తేరుకున్నాక ఉపగ్రహ చిత్రాలు చూస్తే ఆ ప్రాంతంలో చాలాచోట్ల పచ్చదనం తిరిగి వచ్చింది. కాపరులు అక్కడే ఉన్నారు, పశువులూ అక్కడే ఉన్నాయి. కెన్యాలోని తుర్కానా కాపరుల మీద ఎల్లిస్, స్విఫ్ట్ అనే ఇద్దరు పరిశోధకులు 1988లో రాసిన వ్యాసం కూడా ఇదే చెప్పింది. వాన ఇంత నిలకడ లేని చోట మంద గడ్డిని తినేసి కరువు తేవడం కాదు, కరువే ముందు గడ్డినీ వెనకాలే మందనూ తగ్గిస్తుందని.

అలాగని గొర్రె నేలకు ఏ హానీ చేయదని నేను అనను. చేస్తుంది, ఎప్పుడు చేస్తుందన్నదే ముఖ్యం. కరువు తర్వాత తొలకరి పడి, దుబ్బు తన చివరి సత్తువంతా పెట్టి చిగురు వేసిన ఆ కొద్ది వారాల్లో మంద దాని మీద పడితే దుబ్బు మళ్లీ లేవదు. నీటి తొట్ల చుట్టూ, ఊరి పక్కన, రోజూ ఒకే చోట తిరిగితే నేల గట్టిపడి వాన నీరు ఇంకదు. ఈ రెండు చోట్లా తప్పు జరుగుతోంది. మరి మంద ఒకే చోట ఎందుకు తిరుగుతోంది? వేరే చోటికి వెళ్లే దారి మూసుకుపోయింది కాబట్టి. ఆ పోస్టులో లేని ముక్క ఇదే.

"గొర్రెల సంఖ్య అదుపు తప్పింది."

పోస్టులో కాస్త బలమున్న మాట ఇదొక్కటే. 2012 పశుగణనలో ఆంధ్రప్రదేశ్‌లో గొర్రెలు దాదాపు 1.36 కోట్లు, 2019 నాటికి 1.76 కోట్లు. తెలంగాణలో 1.28 కోట్ల నుంచి 1.91 కోట్లకు చేరి దేశంలోనే మొదటి స్థానంలోకి వచ్చాయి. తెలంగాణ పెరుగుదలలో పెద్ద భాగం 2017లో ప్రభుత్వమే మొదలుపెట్టిన పథకంతో వచ్చింది. కుటుంబానికి ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు, 75 శాతం సబ్సిడీ. వాటిలో చాలావరకు పక్క రాష్ట్రాల్లో కొని తెచ్చినవే. గొర్రెలిచ్చారు గానీ మేత నేల ఇవ్వలేదు. ఆ తప్పును కాపరి ఖాతాలో రాయడం న్యాయం కాదు.

సీమలో లెక్క ఇంకో రకం. కరువు ఏడాది రైతు ముందు అమ్ముకునేది ఎద్దుల్ని, ఆవుల్ని. వాటికి నీళ్లు కావాలి, చొప్ప కావాలి, చెనిక్కాయ (వేరుశనగ) కట్టె కావాలి. పైరే రానప్పుడు కట్టె ఎక్కడినుంచి వస్తుంది? అందరూ ఒకేసారి సంతకు తోలుకొస్తే ధర అడ్డికి పావుశేరు. ఆ తర్వాత చేతిలో మిగిలిన నాలుగు రూకలతో కొనేది గొర్రెల్ని. గొర్రెకు తక్కువ నీళ్లు చాలు, మైళ్లు నడుస్తుంది, ఒక మంచి వానకాలం దొరికితే ఏడాదిలో పిల్లలతో మంద నిలబడుతుంది. బక్క ఆవు ఒక్కటి రోజుకు తినే ఎండుమేత ఆరేడు గొర్రెలకు సరిపోతుంది. ఆంధ్రప్రదేశ్‌లో అదే 2012, 2019 మధ్య ఆవులూ గేదెలూ కొద్దిగా తగ్గాయి. కాబట్టి తలకాయలు లెక్కపెట్టి మేపు ఇంత పెరిగిందని చెప్పడం కుదరదు. గొర్రెలు కరువును తేలేదు, కరువే ఇంటింటికీ గొర్రెలను తెచ్చింది.

పెరిగిన గొర్రెల లెక్క చెప్పేవాళ్లు తగ్గిన నేల లెక్క చెప్పరు. భూ వినియోగ గణాంకాల్లో శాశ్వత పచ్చిక బయళ్లు అని ఒక గడి ఉంటుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1950ల చివరి నుంచి 2010 నాటికి ఆ గడిలోని విస్తీర్ణం దాదాపు సగానికి పడిపోయింది. మేత పోరంబోకు, అంటే పశువుల మేతకు వదిలిన ప్రభుత్వ భూమి అని రికార్డుల్లో ఉంటుంది, పోయి చూస్తే చెనిక్కాయ చేనో, ఇళ్ల స్థలాలో, క్వారీనో ఉంటుంది. గ్రామ ఉమ్మడి భూముల ఆక్రమణలు తొలగించాలని 2011 జనవరిలో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలకూ చెప్పింది. ఎంతమేరకు జరిగిందో మీ ఊరి అడంగల్ (భూమి సాగు రికార్డు) చూస్తే తెలిసిపోతుంది.

"ఐదేళ్లు మేపు నిషేధిస్తే గడ్డి దానంతట అదే వస్తుంది."

ఈ ప్రయోగం మన దేశంలోనే పెద్ద ఎత్తున జరిగింది. రాజస్థాన్‌లోని భరత్‌పూర్ కేవలాదేవ్ పార్కులో 1982లో గేదెల మేపును నిషేధించారు. మేపు ఆపితే పక్షులకు మంచిదని అప్పట్లో పక్షి శాస్త్రజ్ఞులు కూడా నమ్మారు. చుట్టుపక్కల ఊళ్ల జనం ఎదురు తిరిగితే పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. తర్వాత బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ ఏళ్ల తరబడి చేసిన అధ్యయనంలో తేలిందేమిటంటే, గేదెలు లేకపోయేసరికి గడ్డి విపరీతంగా పెరిగి నీటి మడుగుల్ని కమ్మేసింది, దాంతో చాలా పక్షులకు చోటు లేకుండా పోయింది. అది చిత్తడి నేల, మనది మెట్ట, రెండూ ఒకటి కావు, ఒప్పుకుంటాను. కానీ పశువును తీసేస్తే ప్రకృతి దానంతట అదే సర్దుకుంటుందన్న నమ్మకం అక్కడ ఎలా తలకిందులైందో చూడండి.

మన దగ్గర నంద్యాల జిల్లా రోళ్లపాడు ఉంది. బట్టమేక పిట్ట (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) కోసం 1988లో అభయారణ్యంగా ప్రకటించిన గడ్డినేల. విస్తీర్ణం ఆరు చదరపు కిలోమీటర్ల పైచిలుకు మాత్రమే. లోపల కాపలా పెట్టారు గానీ చుట్టూ ఉన్న బీళ్లు పొలాలుగా మారిపోతే ఎవరూ పట్టించుకోలేదు. ఒకప్పుడు ఆ పిట్టను చూడటానికి దేశం నలుమూలల నుంచి వచ్చేవారు. ఇప్పుడు పిట్టే లేదు. మేపు వల్లనే పోతుందనుకుంటే కాపలా ఉన్న చోట మిగిలి ఉండాలి కదా.

మేపు ఆపడం వల్ల లాభం ఉండే సందర్భం ఒకటుంది, పైన చెప్పాను. తొలకరి తర్వాత కొన్ని వారాలు బీడులో ఒక భాగం మూసిపెట్టి, గడ్డి గింజ వేశాక తెరిచి, మరుసటి ఏడు ఇంకో భాగం మూయడం. ఊరంతా కూర్చుని మాట్లాడుకుంటే ఖర్చు లేని పని. మూసిన ఆ వారాలు మంద ఎక్కడికి పోవాలన్నది కూడా అదే మాటల్లో తేలాలి. ఐదేళ్ల నిషేధం అన్నవాళ్లు ఈ ప్రశ్న దగ్గరికే రారు. ఇంకో ఇబ్బంది కూడా ఉంది. పూర్తిగా మూసిన బీడులో ఎండుగడ్డి పేరుకుపోయి వేసవిలో ఒక్క అగ్గిపుల్లకు అంతా పోతుంది.

"అది ఎలాగూ పనికిరాని భూమి."

ఇది పోస్టు రాసినవాళ్ల సొంత మాటేమీ కాదు, సర్కారు వాళ్ల నోట్లో పెట్టిన మాట. హైదరాబాద్‌లోని జాతీయ దూర సంవేదన కేంద్రం తయారుచేసే బంజరు భూముల అట్లాస్‌లో క్షీణించిన పచ్చిక బయళ్లు, పొదల నేలలు అన్నీ బంజరు కిందే వస్తాయి. ఆ జాబితాలో చేరిందంటే ఎవరు అడిగినా ఇవ్వడానికి సిద్ధంగా ఉన్న భూమి అని అర్థం చేసుకుంటారు. కర్నూలు సోలార్ పార్కు గని, శకునాల దగ్గర దాదాపు 5,900 ఎకరాల్లో 1,000 మెగావాట్లతో 2017లో వచ్చింది. నంబులపూలకుంటలో ఇంకొకటి. శ్రీ సత్యసాయి జిల్లాకు ఆనుకునే ఉన్న పావగడలో 13,000 ఎకరాల పార్కుకు రైతుల దగ్గర భూమి కౌలుకు తీసుకున్నారు. ఆ కౌలు డబ్బు భూమి పట్టా ఉన్నవాడికి వస్తుంది. పట్టా లేకుండా కోత అయ్యాక ఆ చేలల్లో మేపుకునేవాడికి రాదు.

సోలార్ వద్దని కాదు. కరెంటు కావాలి. అమెరికాలో, ఆస్ట్రేలియాలో ప్యానెళ్ల కింద పెరిగే గడ్డిని గొర్రెలతోనే మేపిస్తారు, అమెరికాలో అందుకు కాపరులకు ఎదురు డబ్బిచ్చే కంపెనీలున్నాయి. వేల ఎకరాలకు కంచె వేసేటప్పుడు మంద నడిచే దారి ఒకటి వదిలితే సగం టెన్షన్ తగ్గుతుంది. చెట్ల సంగతికి వస్తే, 550 మిల్లీమీటర్ల వాన పడే ఎర్రనేలలో గుంతలు తీసి వరసగా మొక్కలు నాటితే ముందు పోయేది అక్కడున్న గడ్డే. మూడేళ్ల తర్వాత మొక్కలు ఎన్ని మిగిలాయో మాత్రం ఎవరూ ఫోటో పెట్టరు.

"కాపరికి కరువుతో పోయేదేమీ లేదు, ఊరికే మేపుకుంటాడు."

ఊరికే ఏమీ కాదు. సీమ నుంచి, పాలమూరు నుంచి మందలు ఏటా కృష్ణా, తుంగభద్ర ఆయకట్టు వైపు వలస పోతాయి. కోసిన వరి మళ్లలో రాత్రుళ్లు మంద కట్టించుకుని, ఎరువు కోసం కాపరికి డబ్బో గింజలో ఇచ్చే రైతులు ఇప్పటికీ ఉన్నారు. చేలు పాడు చేస్తారని తిట్టేవాళ్లూ ఉన్నారు, అప్పుడప్పుడు అలా జరుగుతుంది కూడా. కానీ తరాలుగా కరువును దాటించిన పద్ధతి ఇదే, వాన పడిన వైపుకు నడవడం. అటవీ హక్కుల చట్టం, 2006 కూడా సంచార కాపరుల మేపు హక్కును గుర్తించింది.

నష్టం సంగతి చూడండి. మేత చాలని గొర్రె ఎదకు రాదు, కట్టినదానికి కడుపు పోతుంది, ఈనినదానికి పాలుండవు. బతికి బట్టకట్టిన వాటికి వాన పడ్డాక ఇంకో గండం. ఆకలితో ఉన్న జీవాలు ఒక్కసారిగా లేత గడ్డి మీద పడితే చిటుకు రోగం వస్తుంది. సాయంత్రం బాగానే ఉన్న పిల్ల తెల్లారేసరికి పడిపోయి ఉంటుంది. బెట్టకు వాడిన లేత జొన్నలో సైనైడ్ విషం ఉంటుంది, అందులో మంద పడితే నిమిషాల్లో పోతాయి. కరువు మండలం అని ప్రకటిస్తే పైరు పోయిన రైతుకు ఇన్‌పుట్ సబ్సిడీ ఉంది, పంటల బీమా ఉంది. గొర్రె చస్తే దానికీ బీమా పథకాలున్నాయి. గడ్డి రాకపోతే మాత్రం ఏమీ లేదు. కెన్యాలోని మార్సబిట్‌లో 2010 నుంచి అలాంటి బీమా నడుస్తోంది. ఉపగ్రహంతో బీళ్ల పచ్చదనం కొలుస్తారు, అది ఒక గీత కిందికి పడిపోతే కాపరికి డబ్బు అందుతుంది. మన దగ్గర కూడా అలాంటి ఉపగ్రహ పచ్చదనం లెక్కలు ఉన్నాయి. కేంద్రం 2016లో ఇచ్చిన కరువు మాన్యువల్ ప్రకారం కరువు మండలాలను తేల్చేటప్పుడు వాటిని చూస్తారు, పైరు ఎంత దెబ్బతిన్నదో తెలుసుకోవడానికి.