ఏడాది గడిస్తే చాలా?

2025 మే 2న న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్ నడిబొడ్డున బరి వేసి బాక్సర్ ర్యాన్ గార్సియాను మళ్లీ దించారు. ఆయనపై నిషేధం ముగిసి అప్పటికి పన్నెండు రోజులే అయింది. 2024 ఏప్రిల్‌లో డెవిన్ హేనీని మూడుసార్లు నేలకూల్చి గెలిచిన గార్సియా నమూనాల్లో ఆస్టరీన్ అనే నిషిద్ధ ఉత్ప్రేరకం బయటపడింది. ఆ పోటీ తూకంలోనే ఆయన పరిమితికి మూడు పౌన్లకు పైగా ఎక్కువ తూగారు. బాక్సింగ్ పోటీలను పర్యవేక్షించే న్యూయార్క్ రాష్ట్ర కమిషన్ ఆ గెలుపును రద్దుచేసి, పదకొండు లక్షల డాలర్ల పారితోషికాన్ని వదులుకోవాలని చెప్పి, ఏడాది నిషేధం విధించింది. ఏడాది తిరిగింది, తలుపు తెరుచుకుంది, తొలి పోటీయే టైటిల్ పోరు అయింది. అందులో ఆయన రోలాండో రొమెరో చేతిలో ఓడిపోవడం వేరే సంగతి. ఆ మందు తనకు తెలియకుండా సప్లిమెంట్ల ద్వారా ఒంట్లో చేరిందన్న గార్సియా వాదన నిజానిజాల జోలికి మేం పోవడం లేదు. మా ఆందోళన అంతా ఆ ఏడాది గురించే.

బాక్సింగ్ పాలకుల తక్కెడలో చిరకాలంగా ఉన్న రాయి అది ఒక్కటే. అదెంత తేలికైనదో తెలియాలంటే 1983 జూన్ 16 రాత్రి మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో జరిగినదాన్ని గుర్తుచేసుకోవాలి. పద్నాలుగు పోటీల్లో ఓటమి ఎరగని 21 ఏళ్ల బిల్లీ కాలిన్స్ ఆ రాత్రి లూయిస్ రెస్టో ఎదుట పది రౌండ్లూ నిలబడ్డాడు, కానీ చివరి గంట మోగేసరికి అతడి ముఖం పోల్చుకోలేనంతగా ఉబ్బి, కళ్లు మూసుకుపోయాయి. పోటీ ముగిశాక రెస్టో మర్యాదకు చేయి చాచినప్పుడు, కుమారుడికి తానే శిక్షణ ఇచ్చిన కాలిన్స్ తండ్రి ఆ చేతిని పట్టుకున్నాడు. మెత్తగా తగలాల్సిన గ్లవ్‌లో అరచేతికి ఎముకలు తగిలాయి. ఆయన కేకలు వేస్తే గానీ అధికారులు ఆ గ్లవ్‌లను స్వాధీనం చేసుకోలేదు. రెండింటికీ రంధ్రం చేసి లోపలి మెత్తటి పదార్థాన్ని కొంత లాగేశారని విచారణలో తేలింది. కాలిన్స్ కనుపాప చుట్టూ ఉండే పొర చిరిగి చూపు శాశ్వతంగా మసకబారింది. ఇక బరిలోకి దిగే ప్రశ్నే లేకపోయింది. తొమ్మిది నెలలు తిరగకముందే, 1984 మార్చిలో, అతడు నడుపుతున్న కారు ప్రమాదానికి గురై ప్రాణం పోయింది. చావు తప్పి కన్ను లొట్టపోయిందన్న సామెత కూడా అతడి విషయంలో సగమే నిజమైంది.

అప్పుడు కమిషన్ రెస్టోకు వేసిన శిక్ష ఎంతో పాఠకులు ఊహించే ఉంటారు: కనీసం ఏడాది. ఆ సస్పెన్షన్‌ను తర్వాత ఎత్తివేయకపోవడం వల్ల, 1986లో న్యాయస్థానం దోషిగా తేల్చి జైలుకు పంపడం వల్ల ఆయన మళ్లీ పోటీకి దిగలేదు. రెస్టో ట్రైనర్ పనామా లూయిస్ లైసెన్సును మాత్రం శాశ్వతంగా రద్దు చేశారు. శాశ్వతమంటే ఏమిటి? పోటీ రాత్రి బరి మూలన నిలబడకూడదు, అంతే. తానూ జైలుకు వెళ్లి వచ్చాక లూయిస్ ఏళ్ల తరబడి జిమ్‌లలో బాక్సర్లకు శిక్షణ ఇస్తూనే ఉన్నాడు, ఆయన దగ్గరకు వెళ్లేవారు వెళుతూనే ఉన్నారు. గ్లవ్‌ల లోపల చుట్టే చేతికట్లను సైతం ఆరితే గట్టిపడే ప్లాస్టర్‌లో తడిపామని రెస్టో ఒప్పుకోవడానికి దాదాపు పాతికేళ్లు పట్టింది.

ఆ పాతికేళ్లలో పాలకులు నేర్చుకున్నది శూన్యమని 2009 జనవరిలో లాస్ ఏంజెలెస్‌లో రుజువైంది. షేన్ మోస్లీతో పోటీకి ముందు ఆంటోనియో మార్గరిటో చేతికట్లలో గట్టి పదార్థం ఉన్న గుడ్డలు దొరికాయి. పట్టుకున్నది ఎవరు? తనిఖీ అధికారులు కాదు, మోస్లీ ట్రైనర్ నజీమ్ రిచర్డ్‌సన్. కట్లు విప్పాల్సిందేనని ఆయన పట్టుబట్టకపోతే ఆ రాత్రి మోస్లీ గతి ఏమై ఉండేదో చెప్పలేం. అంతకు ఆరు నెలల ముందు ఇదే మార్గరిటో చేతిలో ముఖం పచ్చడై ఓడిన మిగెల్ కోటోకు ఆ అనుమానం ఎన్నటికీ తీరలేదు. కాలిఫోర్నియా లైసెన్సు రద్దు చేసింది, మళ్లీ కనీసం ఏడాదికే. గడువు తీరాక కాలిఫోర్నియా కాదంటే టెక్సాస్ రమ్మంది. 2010 నవంబరులో నలభై వేల మంది ప్రేక్షకుల ఎదుట మానీ పకియావోతో ప్రపంచ టైటిల్ పోరు! ఒక రాష్ట్రం మూసిన తలుపును మరో రాష్ట్రం తెరిచేటప్పుడు లైసెన్సు రద్దు అన్న మాటకు విలువేముంది?

మోసగాళ్లకే ఏడాది అనుకుంటే పొరపాటు. మోసపోయామన్నవారికీ అంతే. 2014 ఇంచియాన్ ఆసియా క్రీడల సెమీఫైనల్లో న్యాయనిర్ణేతలు తన గెలుపును ఆతిథ్య దేశపు బాక్సర్‌కు కట్టబెట్టారని భావించిన మన సరితాదేవి, పతక ప్రదాన వేదికపై కంటతడి పెట్టుకుని కాంస్యాన్ని ఆ ప్రత్యర్థి మెడలోనే వేసింది. ఆమె క్షమాపణ చెప్పినా అంతర్జాతీయ సమాఖ్య కనికరించలేదు: ఏడాది నిషేధం. పతకం తీసేసిన చేతికీ, ప్లాస్టర్ పూసిన చేతికీ ఒకే శిక్ష అన్నమాట. తీర్పుల్లో అవకతవకలపై ఆరోపణలు వెల్లువెత్తిన ఆ సమాఖ్యకే 2023లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ గుర్తింపు రద్దు చేసిందన్నది వేరే ముచ్చట.

నిజమైన దురదృష్టం కొందరు బాక్సర్లను బలిగొన్న మాట వాస్తవం. మార్సెల్ సెర్డాన్ 1949లో జేక్ లమోటాతో మలిపోరుకు వెళుతూ విమాన ప్రమాదంలో మరణించాడు. మసావో ఓబా, సాల్వడార్ సాంచెజ్ ప్రపంచ చాంపియన్లుగా ఉండగానే ఇరవై మూడేళ్లకే కారు ప్రమాదాల్లో పోయారు. విధిని బోనెక్కించలేం. కానీ నివాళి వ్యాసాల్లో వీరి సరసనే కాలిన్స్ పేరు కూడా చేర్చి ‘అర్ధాంతరంగా ఆగిన దురదృష్టవంతులు’ అని రాసేస్తారే, ఆ రాతతోనే మాకు పేచీ. ఆ మాట నేరస్థుణ్ని పక్కకు తప్పిస్తుంది. 1991లో క్రిస్ యూబ్యాంక్‌తో పోరులో మెదడుకు గాయమై నలభై రోజులు కోమాలో ఉన్న మైఖేల్ వాట్సన్‌ది కూడా దురదృష్టమేనన్నారు. బరి పక్కనే ప్రాణరక్షణ చికిత్స అందే ఏర్పాటు ఎందుకు లేదని ఆయన బ్రిటిష్ బాక్సింగ్ బోర్డును కోర్టుకు లాగితే, బాధ్యత బోర్డుదేనని 2000 డిసెంబరులో అప్పీలు కోర్టు తేల్చింది. పోటీలను పర్యవేక్షించేవారు చేతులు దులుపుకోవడం కుదరదని చెప్పిన ఆ తీర్పును కమిషన్లు గోడకు అంటించుకోవాల్సింది.

ఆటగాడి వృత్తిజీవితం చిన్నదని, తప్పు చేసినవారికి రెండో అవకాశం ఇవ్వాలని వాదించేవారున్నారు. ఇవ్వవచ్చు, కాలిన్స్‌కు మొదటిది తిరిగి ఇవ్వగలిగితే. గ్లవ్‌లను, చేతికట్లను ఆయుధాలుగా మార్చినవారికి జీవితకాల నిషేధం తప్ప మరో శిక్ష ఉండకూడదు. అది ఏ రాష్ట్రంలోనైనా, ఏ దేశంలోనైనా, బరిలోనే కాక జిమ్‌లోనూ చెల్లాలి. ఉత్ప్రేరకాలతో దొరికి శిక్ష ముగించుకున్నవారు మళ్లీ కింది మెట్టు నుంచి ఎక్కాలి, నేరుగా టైటిల్ పోరుకు కాదు. ఏడాది శిక్ష విధించిన ప్రతిసారీ తర్వాతి మోసగాడికి ధర ముందే చెబుతున్నామన్న స్పృహ ఈ కమిషన్లకు లేకపోవడమే మమ్మల్ని కలవరపెడుతోంది.

గ్లవ్‌ను తడిమి చూసింది ఓడిన కుర్రాడి తండ్రి. కట్టు విప్పించింది అవతలి ట్రైనర్. రెండుసార్లూ తనిఖీకి నియమించిన అధికారులు అక్కడే ఉన్నారు. వారు చూస్తున్నదేమిటో, జీతం తీసుకుంటున్నది దేనికో ఆ కమిషన్లు ముందు తమను తాము అడిగి తెలుసుకోవాలి.