సవరణ: తొలి గ్రీన్ శాసనసభ్యుడు జాన్ ఈడర్ కాదు

అమెరికాలో పర్యావరణవాదుల చిన్న పార్టీ అయిన గ్రీన్ పార్టీ తరఫున రాష్ట్ర శాసనసభకు గెలిచిన తొలి వ్యక్తి మెయిన్ రాష్ట్రానికి చెందిన జాన్ ఈడర్ అని నిన్న రాశాను. అది తప్పు, క్షమించండి. ఆ ఘనత ఆడీ బాక్‌ది. 1999 మార్చిలో కాలిఫోర్నియాలో ఓక్లాండ్ సీటుకు జరిగిన ఉప ఎన్నికలో ఆమె, ఆ నగర మాజీ మేయర్ ఎలిహు హారిస్‌నే ఓడించారు. ఎంత పెద్ద సంచలనమో! కానీ అదే ఏడాది పార్టీ వదిలి స్వతంత్రురాలయ్యారు. 2000 ఎన్నికల్లో ఓడిపోయారు.

ఈడర్ పోర్ట్‌లాండ్ నుంచి గెలిచింది 2002లో. నియోజకవర్గాల హద్దులు మారాక కూడా 2004లో మళ్లీ అదే పార్టీ తరఫున నిలబడి గెలిచారు. డెమొక్రాటిక్, రిపబ్లికన్ పార్టీలు కాని మూడో పార్టీ మనిషికి రెండోసారి గెలవడమే అసలు కష్టం, ఆయనంటే నాకు గౌరవం అందుకే. 2006లో ఓడిపోయారు. పాత పోస్టులో పేరు, సంవత్సరం రెండూ సరిచేశాను.