బాణం గుర్తు

ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్చర్ పాసైనవాడికి చుట్టాలిచ్చే మొదటి ఉద్యోగం మొక్కల డాక్టరు. రిజల్ట్స్ వచ్చిన రోజే పిన్ని ఫోన్ చేసింది. "నాన్నా, గులాబీ ఆకులు పండుబారిపోతున్నాయి, ఏం వెయ్యమంటావ్?"

"మాది ఒట్టి మొక్కల పని కాదు పిన్నీ. నేల వాలు, నీళ్ల దారి కూడా" అని గొప్పగా మొదలెట్టాను. పార్కులు, శ్మశానాలు, గోల్ఫ్ మైదానాలు, తవ్వి వదిలేసిన గనులకు మళ్లీ పచ్చదనం తేవడం, పర్యావరణ ప్రభావ నివేదికలు, కంప్యూటర్లో చేసే జీఐఎస్ మ్యాపులు, పట్టణ ప్లానింగ్ వైపు వెళ్తే ఎక్కడ ఏం కట్టొచ్చో తేల్చే జోనింగ్, రవాణా... ఊపిరి తీసుకోకుండా చెప్పాను.

"అయితే గులాబీ సంగతి తెలీదన్నమాట" అంది పిన్ని.

ఫోన్ బాబాయి లాక్కున్నాడు. "ఒరేయ్, నీళ్లు మీ పనే అన్నావుగా. వానొస్తే మా పెరడు చెరువే. ఓ డ్రాయింగ్ గీసి పంపు."

రెండు రాత్రులు కూర్చున్నాను. ఇంటి గోడ నుంచి అవతలి కాలవకు 10 మీటర్లు, వాలు 2 శాతం, అంటే గోడ దగ్గర కన్నా కాలవ దగ్గర నేల 20 సెంటీమీటర్లు దిగాలి. కాంటూర్లు, అంటే ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు గీసి, వాటి మీద కాలవ వైపు ఓ చక్కటి బాణం వేశాను.

కొంప ముంచింది ఆ బాణమే. మా డ్రాయింగుల్లో వాలు బాణం నీళ్లు పోయే దిక్కు, అంటే పల్లం చూపిస్తుంది. మేస్త్రీ జీవితమంతా కట్టింది మెట్లు, ర్యాంపులు. వాటి ప్లాన్లలో బాణం మామూలుగా ఎక్కే దిక్కుకు ఉంటుంది. ఆయన ట్యూబ్ లెవెల్ పట్టి కాలవ వైపు సరిగ్గా 20 సెంటీమీటర్లు లేపాడు. అంత కచ్చితంగా తప్పు చెయ్యడం నా వల్ల కాదు.

మొదటి వానకే వీడియో కాల్. నీళ్లు గడప దాటి హాల్లోకి వస్తున్నాయి, ముందు పిన్ని చెప్పులు, వెనక చీపురు. వృత్తి ధర్మం కొద్దీ గమనించాను, పెరట్లో ఎక్కడా చుక్క నిలవలేదు. ఆ మాట బాబాయితో అనబోయి మింగేశాను.

"బాబాయ్, ఓల్మ్‌స్టెడ్ అని మా వృత్తికి మూలపురుషుడు. వ్యవసాయం చేశాడు, పత్రికలకు రాశాడు, 1857లో న్యూయార్క్ సెంట్రల్ పార్క్‌కు సూపరింటెండెంట్‌గా చేరాడు. ఆ మరుసటి ఏడాదే వాక్స్ అనే ఆర్కిటెక్ట్‌తో కలిసి దాని డిజైన్ పోటీ గెలిచాడు. అందరూ తడబడుతూనే..."

"ఆయన పార్కులో నీళ్లు ఎటు పోయాయిరా?"

డ్రైనేజీకి వారింగ్ అని వేరే ఇంజినీరు ఉండేవాడన్న సంగతి నేను ఎత్తలేదు.

బాబాయి కాసేపు నీళ్లు ఎత్తిపోసి మళ్లీ ఫోన్ పట్టుకున్నాడు. "ఆ రోజు ప్లానింగ్ అని ఏదో అన్నావే. అందులో నువ్వు గీసింది ఎప్పటికి కడతారు?"

"పదేళ్లు, ఒక్కోసారి ఇరవయ్యేళ్లు."

"అందులో చేరు" అని పెట్టేశాడు.

ప్రస్తుతం అప్లికేషన్ నింపుతున్నాను. 'పూర్తయిన ప్రాజెక్టులు' అన్న గడి దగ్గర ఆగాను.