అర నిమిషం టీతో వచ్చిన అనర్థం

మర్యాదస్తుల పానీయం అనిపించుకోవాలంటే దేనికైనా కాస్త తంతు ఉండాలి. మచ్చా అనే జపాన్ గ్రీన్ టీ పొడికి వెదురు కుంచె, జల్లెడ, వెడల్పాటి గిన్నె కావాలి. నీడపట్టున పెంచే ఖరీదైన జపాన్ గ్రీన్ టీ గ్యోకురోకు నీళ్ల వేడి 60 డిగ్రీలు దాటితే అపచారం. జపాన్ వాళ్లు రోజూ తాగే గ్రీన్ టీ సెన్‌చాకు 80 దగ్గర ఆగాలి. థర్మామీటర్ పట్టుకుని పొయ్యి ముందు నిలబడ్డ మనిషిని ఇంటిల్లిపాదీ భయభక్తులతో చూస్తారు. ఇంత శ్రమపడి సంపాదించుకున్న పరువును హోజిచా అనే చవక జపాన్ టీ నేలపాలు చేస్తోంది. సలసల కాగే నీళ్లు పోసి, అర నిమిషం ఆగి, వడకట్టుకుని తాగమంటుంది. ఇంతకంటే బాధ్యతారాహిత్యం ఉంటుందా?

ముందు వంశం సంగతి చూద్దాం. 1920ల్లో క్యోటోలో మొదలైందని చెబుతారు. మామూలు రకానికి లేత చిగుళ్లు వాడరు. ముదురాకు బాంచానో, ఆకు ఏరేశాక మిగిలిన కాడలనో 200 డిగ్రీల ప్రాంతంలో వేయిస్తారు. జపాన్‌లోనే కనజావా అనే ఊరివాళ్లయితే కాడల్నే వేయించి, కాగా బోచా అని పేరు పెట్టి, గర్వంగా అమ్ముకుంటారు. మునగ తర్వాత కాడకు ఇంత గౌరవం దక్కింది అక్కడే.

వేగేటప్పుడు ఆకులో పైరజీన్లు పుడతాయి. వేయించిన వేరుశనగ గుళ్ల వాసనా, కాఫీ గింజల వాసనా ఆ కుటుంబానివే. వగరునిచ్చే కేటెచిన్లు మాత్రం తగ్గిపోతాయి. అందుకే దీనికి మరిగే నీళ్లంటే భయం లేదు. పైగా చల్లార్చిన నీళ్లు పోస్తేనే చెడుతుంది: రంగు దిగుతుంది గానీ వాసన లేవదు.

అసలు గొడవంతా కొలత దగ్గర. మన డస్టు టీ చిన్న చెంచాడు వేస్తే రెండు గ్రాములు పైనే తూగుతుంది. హోజిచా ఆకు పొట్టులా తేలిక, అదే చెంచాకు గ్రాము రావడం కష్టం. ఆ చెంచాతోనే కొలిచి, గోధుమరంగు నీళ్లు తాగి, జపాన్ వాళ్లకు టీ పెట్టడం రాదని తీర్పు చెప్పేవాళ్లు ఉన్నారు. ఇద్దరికి పెద్ద చెంచాతో గుట్టగా రెండు, అంటే అయిదారు గ్రాములు వేయాలి. నీళ్లు 250 మిల్లీలీటర్లు. ముప్పై సెకన్లయ్యాక రెండు కప్పుల్లోకి కొంచెం కొంచెంగా మార్చి మార్చి పోయాలి, చివరి చుక్క దాకా వంచేయాలి. ఆకులో నీళ్లు మిగిల్చారా, రెండో వాయి వగరెక్కుతుంది.

ముప్పై సెకన్లు చేతులు కట్టుకుని నిలబడటం మన జాతి లక్షణం కాదు. గిన్నె మళ్లీ పొయ్యి ఎక్కుతుంది, అల్లం దంచుతారు, మూడు పొంగులు వస్తాయి. అప్పుడు మిగిలేది మాడు వాసనే. పాలు పోయకపోతే ప్రాణం ఒప్పదంటారా, దానికీ దారుంది: 150 మిల్లీలీటర్ల నీళ్లలో ఎనిమిది గ్రాములు వేసి, సన్న సెగ మీద రెండు నిమిషాలుంచి, వడకట్టి, వంద మిల్లీలీటర్ల వేడి పాలు కలపండి. హోజిచా పొడి అని విడిగా అమ్మేది వేరే సరుకు. దాన్ని వడకట్టబోతే బురద తేలుతుంది.

వాట్సాప్ వైద్యులు దీనిలో కెఫీన్ సున్నా అని ఇప్పటికే ప్రకటించేశారు. జపాన్ ఆహార పట్టికలో వంద మిల్లీలీటర్ల హోజిచాకు 20 మిల్లీగ్రాములని ఉంది. సెన్‌చాకూ అంతే. గ్యోకురోకు 160. తక్కువే, సున్నా కాదు.

డబ్బు అసలే పెట్టనివాళ్లకు ఇంకో ఘోరమైన అవకాశం ఉంది. ఎప్పుడో కొని, వాసన చచ్చి, అలమర మూల పడి ఉన్న గ్రీన్ టీని ఇంట్లోనే వేయించుకోవచ్చు. బ్యాగుల్లోని పొడి, నిమ్మ, మల్లె వాసన కలిపినవి పనికిరావు, విడి ఆకే కావాలి. ముందు జల్లెడ పట్టండి, లేకపోతే నూక ముందు మాడి మిగతా ఆకునంతా చేదు చేస్తుంది. పది గ్రాములు, పొడి మూకుడు, సన్న సెగ, చేయి ఆపకుండా కదపాలి. మూడు నాలుగు నిమిషాల్లో ముందు వాసన వస్తుంది, తర్వాత రంగు. కావలసిన రంగుకు కాస్త ముందే పళ్లెంలోకి ఒంపేయాలి, దించాక కూడా మూకుడు వేడికి వేగుతూనే ఉంటుంది. జపాన్‌లో దీనికి హోరోకు అని బోలు పిడి ఉన్న చిన్న మట్టి పాత్ర ఉంది, వేగిన ఆకును ఆ పిడిలోంచే వంపుతారు. మనకు పేలాలు వేయించే మంగలం ఉండేది. దాన్ని పారేసి నాన్‌స్టిక్ కొన్నాం కాబట్టి ఇప్పుడు హోరోకు కొనాలి.

పోపు పెట్టే మూకుడు మాత్రం ఎంత తోమినా వద్దు. వేయించిన టీ ఆకు ఏ వాసననైనా ఇట్టే పట్టేస్తుంది. గాలి చొరని డబ్బాలో పెట్టి, ఆ డబ్బాను పోపులపెట్టెకు దూరంగా ఉంచండి. ఒక్క రాత్రి ఇంగువ పక్కన పడుకుందంటే తెల్లారి అది చారులోకే పనికొస్తుంది.