కిడ్నీలు ముందా, నెలసరి ముందా?

చిన్నాన్న కూతురికి 24 ఏళ్లు. లూపస్ (రోగనిరోధక శక్తి సొంత ఒంటి మీదే తిరగబడే జబ్బు) కిడ్నీల దాకా పాకింది, ఆ శక్తిని అణిచే సైక్లోఫాస్ఫమైడ్ మొదలుపెడదామన్నారు డాక్టర్. దాని మీద అక్కాచెల్లెళ్ల గొడవ ఇది, ఇద్దరిదీ ప్రేమే అనుకోండి.

అక్క: ఒంట్లో ప్రోటీనంతా మూత్రంలో పోతోంది, కాళ్లు వాచిపోయాయి, ఇప్పుడు పోయి పీరియడ్స్ సంగతి అడుగుతావా? ముందు కిడ్నీలు దక్కనీ.

చెల్లి: మందు వద్దనలేదక్కా. మొదటి డోసు ఎక్కించకముందే అడగాలంటున్నా. అది అండాశయాలను దెబ్బతీసే మందు, నెలసరి ఆగిపోయాక అడిగి ఏం లాభం?

అక్క: అందరికీ ఆగిపోదుగా.

చెల్లి: ఆగదు. వయసునీ, మొత్తం ఎంత మందు ఎక్కిందన్నదాన్నీ బట్టి ఉంటుంది, ముప్పై దాటితే ముప్పు ఎక్కువ. యూరో లూపస్ అనే తక్కువ డోసు పద్ధతిలో అయితే రెండు వారాలకోసారి 500 మిల్లీగ్రాములు, ఆరుసార్లు, అంతా కలిపి 3 గ్రాములే. నెలనెలా పెద్ద డోసులిచ్చే పాత పద్ధతిలో దీనికి రెట్టింపు దాటిపోవచ్చు. లేదంటే మైకోఫెనోలేట్ మాత్రలున్నాయి, వాటితో అండాశయాలకు ఈ భయం లేదు.

అక్క: అవి వాడుతుంటే గర్భం రాకూడదు, అదీ చెప్పు మరి.

చెల్లి: నిజమే, పిండానికి ప్రమాదం. బిడ్డ కావాలనుకుంటే కనీసం ఆరు వారాల ముందే డాక్టర్‌కి చెప్పి వేరే మందుకి మారాలి. మారితే సరిపోతుంది. పోయిన అండాలు మాత్రం తిరిగిరావు.

అక్క: ఇవన్నీ దాని చెవిన వేస్తే హడలిపోయి ట్రీట్‌మెంటే మానేస్తుంది. అయినా మూడు నెలలుగా దానికి డేట్ సరిగా రావట్లేదు, ఒక్క సైక్లో కూడా ఎక్కకుండానే! జబ్బు ముదిరినా తప్పుతుంది, స్టెరాయిడ్స్‌తోనూ తప్పుతుంది.

చెల్లి: అందుకే ముందే ఏఎంహెచ్ అనే రక్తపరీక్ష చేయిస్తే అండాల నిల్వ ఎంతుందో కాస్త తెలుస్తుంది. అంతేగానీ డేట్ రాలేదని మెడికల్ షాపులో హార్మోన్ మాత్రలు కొనిపెట్టకండి. లూపస్‌లో కొందరికి రక్తాన్ని గడ్డకట్టించే యాంటీబాడీలుంటాయి, ఈస్ట్రోజెన్ ఉన్న మాత్రలు వాళ్లకి ప్రమాదం. అండాశయాల పని కొన్నాళ్లు ఆపి ఉంచే లూప్రొలైడ్ ఇంజెక్షన్ గురించీ అడగాలి.

అక్క: అది సైక్లోకి పది రోజుల ముందే వేయాలటగా. ఈ వాపుతో పది రోజులు కూర్చుంటుందా?

చెల్లి: అర్జెంటైతే మొదటి డోసు ఎక్కించేసి, రెండోదానికి ముందు వేసే డాక్టర్లూ ఉన్నారు.

అక్క: చిన్నాన్న ఎదురుగా ఇవన్నీ ఎలా మాట్లాడతావే?

చెల్లి: ఆయన్ని బయట కూర్చోమందాం.

అక్క: సరే అడుగు. కానీ ఆగడానికి వీల్లేదని డాక్టర్ అంటే మళ్లీ నోరెత్తకు.

చెల్లి: ఎత్తను. ఆ మాట ఆయనే, దానితోనే చెప్పాలి.